ఎడమవైపు దరువు

ఆగస్టు 4

మావయ్యకు,

నీ ప్రతిపక్షం నమస్కరించి, ఆ చేతులు వెంటనే దించేసి, వ్రాయునది.

పార్సెల్ భద్రంగా చేరింది. పెట్టె మూత తీయగానే నా గదినేస్తం ఉలిక్కిపడి, "ఇవేంటే బాబూ, ఎవరివో చెవులు కోసి పంపినట్టున్నారు!" అంది. నా చెవులేనని చెప్పాను. వేసవి సెలవుల్లో నన్ను నీ పనిబల్ల పక్కన కూర్చోబెట్టి, చెవుల్లో చల్లని ముద్ద పోసి, అచ్చు గట్టిపడేదాకా "కదలకు, నోరు మెదపకు" అని శాసించిన వైనం కూడా చెప్పాను. "నోరు మెదపకుండా ఉన్నావా? నువ్వా?" అని అది ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇక తీర్పు. ప్రత్యర్థి కళాశాలల వాళ్ళ పాత ఉపన్యాసాలన్నీ నా చెవుల అచ్చుతో నువ్వు చేసిన ఈ ఇయర్‌ఫోన్‌లలో వింటున్నాను. కుడివైపుది నిర్దోషి. వక్త ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ అబద్ధానికి ముందు గుటక వేశాడో కూడా పట్టిస్తోంది. ఎడమవైపు మాత్రం దరువు ఎక్కువ. ఇది ఊహ కాదు. ఒక్కొక్కటే పెట్టుకుని పరీక్షించాను. అక్టోబరులో తుది పోటీ. 'మౌనం అర్ధాంగీకారమా?' అన్నది విషయం. కాదని నేను వాదించాలి. ఆ లోపు నా ఎడమ చెవికి న్యాయం జరగాలి.

ఫోన్ చేయకు. మనిద్దరం ఫోన్లో వాదించుకుంటే మధ్యలో అమ్మ ఏడుస్తుంది కనుక, వాదం కాగితం మీదే అన్న మన ఒప్పందం ఇంకా అమల్లో ఉంది. ముందు ఫోన్ చేసినవాళ్ళు ఓడినట్టు.

ఎడమ చెవి తరఫున,
ప్రతిపక్షం


ఆగస్టు 10

ప్రతిపక్ష నాయకురాలికి,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు అభ్యంతరం.

వేదికల మీద పాడేవాళ్ళు నేను చేసిన వాటిని చెవుల్లోంచి తీయనని మొండికేస్తారు. మా అక్క కూతురికేమో దరువు ఎక్కువైంది! సరే, ఆ మాట నా దగ్గర నేర్చుకున్నదే గనుక నీ ఫిర్యాదు అర్థమైంది. మా పనిగదిలో మూడే మాటలు: కింది స్వరాలు దరువు, నడిమివి గొంతు, పైవి మెరుపు. దరువు ఎక్కువంటే కింది స్వరాలు ఉబ్బాయన్నమాట.

ధ్వని పుట్టించే భాగం పేరు డ్రైవర్. నీ దాంట్లో పెట్టింది డైనమిక్ డ్రైవర్. మేం పొర అంటాం. పలచని పొర ఊగి గాలిని తోస్తుంది; అందుకే ధ్వని నిండుగా, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. కానీ పొరది బద్ధకపు జాతి. ఒక అక్షరం మీంచి ఇంకో అక్షరం మీదికి దూకేటప్పుడు కాస్త తూలుతుంది. రెండో రకం ఆర్మేచర్. పప్పుగింజంత డబ్బాలో సన్నని లోహపు నాలుక. మేమూ దాన్ని నాలుకే అంటాం. ఒక్కో అక్షరాన్ని చెక్కి చేతికిస్తుంది. నిండుదనం మాత్రం అడగకూడదు. అచ్చం నీలాగే, నాలుక ఉంది గానీ నిదానం లేదు. రెంటినీ చెవిలో దిగే ఒకే గుల్లలో పెడితే పోలేదా అంటావు. పెడతాం, హైబ్రిడ్ అంటాం. ఒకే వంటింట్లో ఇద్దరు పెత్తందార్లు. ఒకరి పని ఎక్కడ ఆగి ఇంకొకరిది ఎక్కడ మొదలవాలో తేల్చే ఆ అతుకు దగ్గరే రోజూ రభస. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. అన్నీ ఇచ్చే డ్రైవర్ ఇంకా పుట్టలేదు.

ఎడమది వెనక్కి పంపు. పొర పీకేసి నాలుక పెడతాను. మా యజమాని విని, "సొంత మేనకోడలి చెవికే అతకలేదా? ఇంక ఊళ్ళోవాళ్ళకేం అతుకుతుందయ్యా!" అన్నాడు. నా పరువు తీసినందుకు నీకు ఆశీర్వాదాలు.

నీ మావయ్య


ఆగస్టు 22

మావయ్యా,

అన్నీ తీసేశావు, దరువొక్కటి మిగిల్చావు.

గొంతులు కాగితంలా పలచబడ్డాయి. 'స' అక్షరం వచ్చినప్పుడల్లా సూది గుచ్చినట్టుంది. తీయమన్నది మాత్రం చెక్కుచెదరలేదు. పైగా దాన్ని కప్పి ఉంచిన నిండుదనం పోయాక ఇంకా తేటగా వినబడుతోంది. పక్క గదిలో ఎవరో ఉత్త కాళ్ళతో పచార్లు చేస్తున్నట్టు ఒకటే ధుబ్, ధుబ్. మొన్న గ్రంథాలయం పై అంతస్తుకు మెట్లన్నీ పరుగున ఎక్కి, కూర్చోగానే పెట్టుకున్నాను. ఆ నడిచేవాడూ పరుగందుకున్నాడు. నీ నాలుక రకానికి కనీసం తాళం మీద నిలకడ కూడా లేదని దీనివల్ల రుజువవుతోంది. కరెంటు ఎక్కడైనా కారుతోందేమో చూడు.

ఇంకొక్క మాట. నిన్న వాటిని తీసి బల్ల మీద పెట్టాక కూడా కాసేపు ఆ నడక వినబడింది. చెవికి అలవాటైపోయి ఉంటుంది. అయినా లేచి పక్క గది తలుపు తోసి చూశాను. విరిగిన కుర్చీలు తప్ప ఎవరూ లేరు. తలుపు వేసి, నా గదికి వచ్చి, ఎందుకో గడియ పెట్టుకున్నాను. పట్టపగలు.

నీ పనితనం వల్ల దయ్యాలను నమ్మే స్థితికి దిగజారిన,
ప్రతిపక్షం


ఆగస్టు 29

దయ్యాల నాయకురాలికి,

నీలాంటి అనుమానపు పక్షులు మా గదికి వారానికొకరు వస్తారు. చెవి గట్టిగా మూసుకుంటే ఎవరికైనా సొంత ఒళ్ళు వినబడుతుంది తల్లీ. నమిలితే మర ఆడినట్టుంటుంది, నడిస్తే తలలో ఎవరో కొట్టినట్టుంటుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. దానికి మందు వ్యాయామం, వ్యాజ్యం కాదు. ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు తమ నోటి మాట తప్ప ఇంకేదీ వినే అలవాటుండదు, అందుకే కొత్తగా ఉంది.

అయినా సవాలు స్వీకరించాను. ఈ పార్సెల్లో రెండు చెవులకూ కొత్త రకం పంపుతున్నాను. ఇది పొర కాదు, నాలుకా కాదు. పేరు ఇప్పుడే చెప్పను. పాట గానీ ఉపన్యాసం గానీ పెట్టకు. ఫోనుకు తగిలించి, ఏదీ మోగించకుండా, సద్దు లేని చోట కూర్చుని, ఒక్కో చెవిలో ఏం వినబడుతోందో నిజాయితీగా రాయి. డ్రైవర్ సొంత గుసగుసను మేం అలాగే తూస్తాం.

తీర్పు కోసం ఎదురు చూసే,
ముద్దాయి


సెప్టెంబరు 6

మావయ్యా,

తీర్పు చదివేటప్పుడు లేచి నిలబడు.

గ్రంథాలయం వెనక పాత పుస్తకాల గదిలో కూర్చుని పరీక్షించాను. కుడివైపు: ఏమీ లేదు. నా ఊపిరి, అంతే. నువ్వు చెప్పిన సొంత ఒళ్ళు అదేనని ఒప్పుకుంటున్నాను. ఎడమవైపు: అదే దరువు. ఇంతవరకు నువ్వు పంపిన అన్నిటిలోనూ ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినబడలేదు. ధుబ్ అనగానే చిన్న ఈల లాంటి కొస కూడా ఉంది. పాట మోగకుండానే దరువు వేసే డ్రైవర్‌ను కనిపెట్టినందుకు నీకు సన్మానం చేయాలి.

ఇప్పుడు తర్కం విను. పొరలో అదే దోషం. నాలుకలో అదే దోషం. పేరు చెప్పని మూడో దానిలోనూ అదే దోషం. వస్తువులు మారినా దోషం మారలేదంటే, అది వస్తువులది కాదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: వాటిని చేసిన చేయి. ఇంతకు మించిన నిరూపణ ఏ న్యాయస్థానంలోనూ ఉండదు. ఓటమిని రాతపూర్వకంగా, సంతకంతో పంపగలవు.

విజేత


సెప్టెంబరు 11

మావయ్యా,

పొద్దుటి నుంచి ఆగకుండా ఫోన్ చేస్తున్నావు. ఒప్పందం ఉల్లంఘించావు, అంటే ఓడావు. నేను ఎత్తను. నోటితో బతిమాలి శిక్ష తగ్గించుకుందామనే నీ పన్నాగం తెలియనంత పసిదాన్ని కాదు. సందేశాలు కూడా చదవను, ముందే చెబుతున్నా. నా గదినేస్తానికి చేసి, "దానికి ఫోనివ్వమ్మా" అన్నావట. "మీ మావయ్య గొంతు అదోలా ఉందే, ఏడ్చాడేమో" అంటోంది. ఓడిపోతే ఏడుస్తారా మావయ్యా? సిగ్గు!

కాగితం మీద ఒప్పుకో.

ప్రతిపక్షం


సెప్టెంబరు 11

అమ్మలూ,

ఒప్పుకుంటున్నాను. ఓడిపోయాను. సంతకం కింద ఉంది. ఇంక ఫోన్ ఎత్తు.

నేను పంపింది కొత్త రకం కాదు, ఉత్త గుల్లలు. రెండింటిలోనూ పొర లేదు, నాలుక లేదు. తీగ గుల్ల అంచు దగ్గరే ఆగిపోతుంది, లోపలికి కూడా వెళ్ళదు. నిన్ను ఆట పట్టిద్దామని చేశాను. "ఇందులో దరువు బాగా తగ్గింది" అని రాస్తావు, ఆ ఉత్తరం మా గది గోడకు అంటిస్తాను, మా వాళ్ళంతా చదివి నవ్వుతారు. అదీ పథకం. రెండు చెవుల్లోనూ ఏదో వినబడిందని రాసినా నవ్వేవాణ్ణే. కుడివైపు ఏమీ లేదన్నావు. ఎడమవైపు నడుస్తోందన్నావు. చదువుతూనే కూర్చుండిపోయాను. మా యజమాని, "ఏమైందయ్యా, ఎవరైనా పోయారా?" అన్నాడు.

నీ తర్కంలో ఒక్క లోటు ఉంది అమ్మలూ. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది నా చేయి ఒక్కటే కాదు.

దరువు ఎక్కువ అని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. అది నాకు మా గది మాటగా వినబడింది. నువ్వు చెప్పింది నిజం దరువు. మెట్లెక్కితే వేగం పెరిగిందన్నప్పుడైనా నా బుర్రకు తట్టలేదు, ఎదురు ఎగతాళి చేశాను.

సద్దు లేని చోట కూర్చుని, మణికట్టు మీద వేలు పెట్టి, ఎడమ చెవి విను. రెండూ కలిసి నడుస్తుంటే ఆ క్షణమే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్ళు. ఒంటరిగా వెళ్ళకు. ఇది ఎక్స్‌ప్రెస్ కొరియర్‌లో పంపుతున్నాను.

నీ మావయ్య


సెప్టెంబరు 17

మావయ్యా,

కలిసే నడుస్తున్నాయి.

వేలు పెట్టి చూడటానికి ఒక పూట పట్టింది. చేయి చాపి, మళ్ళీ ముడుచుకుని, బట్టలు మడతపెట్టి, ఉతకాల్సిన అవసరం లేనివి ఉతికి, చివరికి మంచం అంచున కూర్చుని పెట్టాను. వేలి కింద ఒకటి, చెవిలో ఒకటి. ఒక్కసారి కూడా తడబడలేదు. ఇన్నాళ్ళూ పక్క గదిలో నడిచినవాడు నేనే.

నా గదినేస్తం చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. ఒక్కసారి చూసి ఊరుకోకుండా, ఇంకో డాక్టరును పిలిచి చూపించింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

"ఆగస్టు నుంచండీ."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"ఉత్తరాలు రాశానండీ."

ఆవిడ నవ్వలేదు. కర్ణభేరి వెనక ఎర్రగా ఒక గడ్డ ఉందట, రక్తనాళాలు ముడిపడి పెరిగినది. గుండెతో పాటు అదీ కొట్టుకుంటోందట. స్కాన్ తీశారు. ప్రాణాంతకమైనది కాదన్నారు, కానీ వదిలేస్తే పెరుగుతూ పోయి, చెవిలోని చిన్న ఎముకలను తినేస్తుంది. తీసేస్తే ఆ చెవికి వినికిడి దక్కవచ్చు, దక్కకపోవచ్చు. ఇంకొకటి. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందట. దానికి దెబ్బ తగిలితే ముఖం ఆ వైపు జారుతుంది.

"మాట తేడా వస్తుందా?" అని అడిగాను.

"పెదవులు కలిసే అక్షరాలు కొంచెం కష్టం కావచ్చు. అలా జరగడం అరుదులే" అంది.

అరుదు! ఎదుటివాడు ఆ మాట వాడితే అరుదంటే ఎంత, లెక్క చెప్పమని నిలదీసేదాన్ని. నిన్న తలూపి, స్కాన్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలన్నావు కదా. ఏది వదలను? నువ్వు చెప్పు. అమ్మకు మాత్రం చెప్పకు. చెప్పావో, నీతో వాదించడం కూడా మానేస్తాను.

నేనే


సెప్టెంబరు 22

అమ్మలూ,

చెప్పేశాను. నన్ను ఏమైనా అను.

అక్క మొదట నాతో అంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "నువ్వు పోసిన ముద్దరా! పిల్ల చెవిలో ఆ దిక్కుమాలిన ముద్ద పోయొద్దని ఆనాడే మొత్తుకున్నాను" అంది. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. మీ ఇంట్లో ఫోన్ ఎత్తకపోవడం వంశపారంపర్యం కాబోలు.

నవ్వించడానికి రాశాను గానీ నాకు నవ్వు రావడం లేదు. అక్క అన్నది నిజమా? డాక్టరమ్మను అడుగు. దాచకుండా రాయి. నీ చెవుల అచ్చులు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. నిన్న ఎడమ అచ్చు చేతిలోకి తీసుకుని, గోరంత దూరంలో ఉన్న ఆ గడ్డను నా ముద్ద తాకకుండా వచ్చిందా, తాకిందా అని తిప్పి తిప్పి చూశాను. ఈ వారం ఎవరి చెవిలోనూ ముద్ద పోయలేకపోయాను. వచ్చినవాళ్ళను వచ్చే వారం రమ్మని పంపేశాను.

ఏది వదలాలో చెప్పమన్నావు. డ్రైవర్ అయితే చెప్పేవాణ్ణి. తప్పు పెడితే విప్పి ఇంకోటి పెట్టొచ్చు గనుక అంత ధీమాగా మాట్లాడతాను. నీ విషయంలో నాకు ఏ అభిప్రాయమూ లేదు, భయం ఒక్కటే ఉంది.

మావయ్య


అక్టోబరు 5

మావయ్యా,

రేపు పొద్దున ఆపరేషన్.

అమ్మ వచ్చేసింది. ఆసుపత్రి గదిలో రెండు మంచాల మధ్య దుప్పటి పరుచుకుని కూర్చుంది. నువ్వు చెప్పినందుకు నీ మీద రాసిన ఉత్తరం చించేశాను. చాలా బాగా రాశాను, నీకు చూపించలేకపోవడం నష్టమే.

డాక్టరమ్మను అడిగాను. నీ ముద్దకూ దీనికీ సంబంధం లేదు. అది ఎప్పటి నుంచో లోపల పెరుగుతోంది. నీ గుల్ల బయటి రొదను ఆపింది కాబట్టి ముందుగా వినబడిందట. ఇదంతా అమ్మ ఎదుటే చెప్పించాను. అమ్మ, "అయినా వాడు నన్ను అడిగి పోయాల్సింది" అంది. నీ శిక్ష సగం తగ్గినట్టు భావించు.

తుది పోటీ కూడా రేపే. నా చోట మా జట్టులో రెండోవాడు మాట్లాడతాడు. నా వాదనంతా వాడికి అప్పజెప్పాను. 'మౌనం అర్ధాంగీకారమా?' అంగీకార పత్రం మీద సంతకం పెడుతున్నప్పుడు నేను ఒక్క మాటా మాట్లాడలేదు. అంగీకారం సగమే, మావయ్యా. మిగతా సగం ఏమిటో వాడికి చెప్పలేదు. చెబితే వాడు దాన్ని వేదిక మీద వాడుకుంటాడు.

స్నానాల గది అద్దం ముందు నిలబడి ప, ఫ, బ, భ, మ అని పలికి చూసుకుంటున్నాను. ఎప్పుడూ గమనించలేదు, 'అమ్మ' అనడానికి పెదవులు ఎంత గట్టిగా కలవాలో! 'మావయ్య'కు కూడా. 'ప్రతిపక్షం' అయితే చెప్పనే అక్కర్లేదు. పలుకుతుంటే అమ్మ తలుపు కొట్టి, "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది. ఎవరితోనూ కాదన్నాను. చెవిలో నడక మాత్రం చాలా వేగంగా ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ తిట్టాను. రేపటి నుంచి అది ఆగిపోతే, నాలో ఏది ఆగిందో ఎలా తెలుస్తుంది?

నాకు భయంగా ఉంది. ఇది వాదన కాదు.

నీ మేనకోడలు


అక్టోబరు 21

అమ్మలూ,

ఆపరేషన్ రోజు సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. తనే ముందు చేసింది, నేను ఓడలేదు. నీ ముఖం చక్కగా ఉందని, కళ్ళు తెరవగానే మత్తులోనే నర్సుతో ఏదో వాదించావని చెప్పింది. దుకాణం గడప మీద కూర్చుని ఏడ్చాను. మా యజమాని మంచినీళ్ళు తెచ్చి, "మళ్ళీ ఎవరు పోయారయ్యా?" అన్నాడు.

చెవి సంగతి మాత్రం అందులో కుక్కిన దూదీ మందూ తీసేదాకా ఎవరూ చెప్పలేరట. రోజూ ఫోన్ దగ్గరకు వెళ్తున్నాను, వెనక్కి వస్తున్నాను. అడిగితే "వినబడట్లేదు" అంటావేమోనని.

డబ్బాలో ఎడమ గుల్లలు రెండు ఉన్నాయి. ఒకటి ఉత్తది. ఒకదానిలో డ్రైవర్ ఉంది. గుర్తు పెట్టలేదు, ఈసారి మోసం లేదు, ముందే చెబుతున్నాను. డాక్టరమ్మ సరేనంటేనే, ఆవిడ చెప్పిన రోజునే, తక్కువ ధ్వనితో. ఆసుపత్రి వాళ్ళ యంత్రం వేరే లెక్క చెబుతుంది, అది వాళ్ళకు. నాకు నీ తీర్పు కావాలి. ఏది ఉత్తదో, ఏది కాదో రాయి. ఏమీ తేలకపోతే అదీ రాయి. చదవడానికి నేను కూర్చునే ఉంటాను.

మావయ్య


నవంబరు 14

మావయ్యకు,

డాక్టరమ్మ అనుమతితో, అమ్మ సమక్షంలో వ్రాయునది.

దూదీ మందూ తీసి చాలా రోజులైంది. నువ్వు పంపిన డబ్బా తెరవడానికి ఈ రోజు దాకా ధైర్యం చాలలేదు. డాక్టరమ్మ యంత్రం పరీక్ష రేపు. ముందు నీకే చెప్పాలని ఇవాళ కూర్చున్నాను. రెండు గుల్లలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. బరువులో తేడా పట్టుకుందామని అరచేతుల్లో తూచాను. నువ్వు దానికీ విరుగుడు వేశావు, దొంగా.

ఫోన్లో నా పాత ఉపన్యాసమే పెట్టాను. మొదటిది చెవిలోకి తిప్పి దించాను.

ఏమీ లేదు. ఆ నడిచేవాడు లేడు. ధుబ్ లేదు, ఈల లేదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. ఇన్ని నెలల తర్వాత అక్కడ అంత నిశ్శబ్దం చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణమే గుల్లను ఇంకోసారి లోపలికి నొక్కి చూశాను. దరువు లేదు సరే. గొంతూ లేదు. మెరుపూ లేదు. ఇది ఉత్త గుల్ల అయితే నేను గెలిచాను. డ్రైవర్ ఉన్నదైతే, మావయ్యా, ఆ వాక్యం నేను పూర్తి చేయను.

రెండోది అరచేతిలో ఉంది. ఇందాకటి నుంచి దాన్ని పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే రాస్తున్నంతసేపూ పెట్టుకోనక్కర్లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని, "పెట్టుకోవే. ఏదైతే అదే అవుతుంది, పెట్టుకో" అంటోంది. కుడి చెవితో వింటున్నాను.

పెడుతున్నాను.


ఇందులో నాలుక రకం పెట్టావు కదూ? 'స' ఇంకా గుచ్చుతోంది. నా గొంతు మరీ పీలగా, ఎవరో పదేళ్ళ పిల్ల ఉపన్యసిస్తున్నట్టుంది. ఇదేనా నీ పనితనం? విప్పి, పొర పెట్టి పంపు. ఈసారి దరువు కాస్త ఎక్కువగానే ఉండనీ.

ప్రతిపక్షం